విప్పగలిగే బిగింపు

మా మేనల్లుడు డాలస్ దగ్గర ఉంటాడు. పెనుకొండలో పుట్టి, అనంతపురంలో ఇంజనీరింగ్ చదివి, అక్కడ సాఫ్ట్‌వేర్ పనిలో కుదురుకున్నాడు. ఈమధ్య వాడికి కొత్త వ్యాపకం పట్టుకుంది. పాత కలాష్నికోవ్ రకం తుపాకీ విడిభాగాలు కొనుక్కుని, శని ఆదివారాల్లో కారు షెడ్డులో కూర్చుని తన చేతులతో ఒక రైఫిల్ కూర్చుకుంటున్నాడు. కొన్ని షరతులకు లోబడి సొంత వాడకానికి తుపాకీ చేసుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం కాదు. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడమూ నేరమే, బాగుచేయడమూ నేరమే. కాబట్టి ఆ పని నేనెప్పుడూ చేసినవాణ్ణి కాదు. కానీ ఇనుమును ఇనుముకు బిగించడం నా బతుకు. హిందూపురంలో ఫిట్టర్‌గా పనిచేసి, ఇప్పుడు సొంతంగా చిన్న వర్క్‌షాపు నడుపుకుంటున్నాను. అందుకే వాడు నాకు ఫోన్ చేశాడు.

"మామా, రేకుతో చేసిన పెట్టె ఉండాది. దానికి లోపల ఇనుప దిమ్మె బిగించల్ల. ఈడ కొందరు రివెట్లు కొడతారు, కొందరు మర తీసి స్క్రూలు వేస్తారు. ఏది మంచిది?"

"రేకు మందం ఎంతరా?"

"ఒక మిల్లీమీటరు."

"అట్లయితే రివెట్టే. అంత పల్చటి రేకులో మరకు పట్టు యాడుంటాది నాయనా? పట్టంతా లోపలి దిమ్మెలోనే ఉండల్ల. కాల్చినప్పుడల్లా అదురుతాది, వదులవుతాది."

"నిజమే మామా. కానీ స్క్రూలైతే ఎప్పుడన్నా విప్పుకోవచ్చు గదా?"

వాడు మామూలుగానే అన్నాడు. నేను మాత్రం ఆ మాటను వదల్లేకపోయాను. మనిషి వేసే బిగింపు విప్పడానికి వీలుగా ఉండాలా, వీల్లేకుండా ఉండాలా? వస్తువు విషయంలో ఇది పనివాడి ప్రశ్న. మాట విషయంలో, వ్రతం విషయంలో, పగ విషయంలో, చేతిలో ఉన్న ఆయుధం విషయంలో ఇది ధర్మసందేహం. దీనికి నా జవాబు నాకుంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఇనుము సంగతి. మా నాన్న కొలిమి పెనుకొండ కొండ కింద ఒక పల్లెలో ఉండేది. కరెంటు మోటార్లు రాకముందు ఆ చుట్టుపక్కల బావులన్నీ కపిల బావులే. ఎద్దులు లాగే ఇనుప బానలకు రేకులు అతకాలంటే రివెట్లే. రివెట్‌ను కొలిమిలో పెట్టి నారింజ రంగు వచ్చేదాకా కాల్చి, పట్టకారుతో తీసి, రెండు రేకుల రంధ్రంలో దూర్చేవాళ్ళు. నేను వెనకనుంచి బరువైన సమ్మెట ఆనించి పట్టుకుంటే, నాన్న ముందునుంచి కొట్టి రెండో తల చేసేవాడు. మెత్తబడిన ఇనుము ఉబ్బి రంధ్రాన్నంతా నింపేస్తుంది. ఇక చల్లారేటప్పుడు అసలు పని జరుగుతుంది. వేడికి సాగిన రివెట్ చల్లారుతూ కుంచించుకుపోయి, రెండు రేకుల్నీ తనవైపు లాక్కుని బిగించేస్తుంది. సుత్తి కొట్టిన దెబ్బకంటే చల్లారిన ఇనుము లాగిన లాగుడే గట్టిది. పాత రైలు వంతెనల దూలాల మీద వరసగా కనబడే గుండ్రటి తలలన్నీ అట్లా బిగిసినవే.

రివెట్‌కు తిరుగుడు లేదు. అది వదులుకావాలంటే విరగాలి, లేదా తల నరకాలి. విప్పాలనుకుంటే నాశనం చేయడం ఒక్కటే దారి.

మర తీరు వేరు. బోల్టు బిగించినప్పుడు అది సాగిన స్ప్రింగులా లోపల్లోపల లాగుతూ ఉంటుంది. ఆ లాగుడు వల్ల పుట్టిన రాపిడే దాన్ని నిలబెడుతుంది. రాపిడి పోయిన క్షణాన మర దానంతట అదే వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు దీన్ని యంత్రం మీద పెట్టి చూపించాడు. నిలువుగా లాగే అదురు కంటే పక్కకు జరిపే అదురే మరను త్వరగా విప్పుతుందని తేల్చాడు. అంటే పైనుంచి పడే బరువును తట్టుకున్న బోల్టు, పక్కనుంచి వచ్చే చిన్న చిన్న కుదుపులకు జారిపోతుంది. మనుషుల్ని చూస్తే నాకిది ఎన్నోసార్లు గుర్తొచ్చింది.

మా నాన్న రివెట్ మనిషి. ఆయనకు మర అంటే నమ్మకం లేదు. "విప్పడానికి వీలున్నది విప్పుతారు" అనేవాడు. ఊళ్ళో ఎవరికన్నా మాట ఇస్తే అది కూడా అట్లాగే ఉండేది. మన పెద్దలు మెచ్చుకున్న మనిషి కూడా ఆ రకమే. ఆడిన మాట తప్పని హరిశ్చంద్రుడు, ప్రతిజ్ఞ వదలని భీష్ముడు. స్థిరంగా ఉన్నదే సత్యం, కదిలేది కాదు అనే ఆలోచన మనలో బాగా దిగిపోయి ఉంది.

కానీ భీష్ముడి కథను ఒక ఫిట్టర్‌గా చదవండి. తండ్రి కోసం రాజ్యం వద్దన్నాడు, పెళ్ళి వద్దన్నాడు. ఆ ప్రతిజ్ఞ ఎవరి పెళ్ళి కోసం చేశాడో ఆ సత్యవతే, తన కొడుకులిద్దరూ సంతానం లేకుండా చనిపోయాక, వచ్చి అడిగింది: నువ్వే వంశాన్ని నిలబెట్టు, పెళ్ళి చేసుకో అని. ఎవరి కోసం బిగించాడో వాళ్ళే విప్పమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఆ తరవాత ద్రౌపదిని సభలోకి ఈడ్చుకొచ్చిన రోజున ధర్మం సూక్ష్మమైనదని చెప్పి ఊరుకున్నాడు. సింహాసనానికి కట్టుబడి చివరికి తాను మెచ్చని పక్షాన నిలబడి యుద్ధం చేశాడు. ఆయన గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. ప్రతిజ్ఞ చెక్కుచెదరలేదు, దాని చుట్టూ ఉన్న ఇల్లే కూలిపోయిందని మాత్రం చెబుతున్నాను. రివెట్లు వేసిన పాత నిర్మాణాల్లో కూడా ఇది చూడొచ్చు. రివెట్ బాగానే ఉంటుంది, రంధ్రం పక్కన రేకు చీలుతుంది.

అదే భారతంలో కర్ణపర్వం దగ్గర ఇంకో ప్రతిజ్ఞ ఉంది. గాండీవాన్ని వేరేవాడికి ఇవ్వమని ఎవరంటే వాణ్ణి చంపుతానని అర్జునుడు ఎప్పుడో ఒట్టు పెట్టుకున్నాడు. యుద్ధంలో దెబ్బలు తిని అవమానంతో ఉన్న ధర్మరాజు ఆ మాటే అనేశాడు. అర్జునుడు కత్తి తీశాడు. కృష్ణుడు ఆపి, పెద్దవాణ్ణి నువ్వు అని సంబోధించి నిందిస్తే చంపినట్టేనని దారి చూపాడు. ఒట్టు మిగిలింది, అన్న కూడా మిగిలాడు. కొందరికి ఇది తెలివిగా తప్పించుకోవడంలా కనబడుతుంది. నాకు కనబడింది, మరకు సరైన స్పానర్ ఎక్కడుందో తెలిసిన మనిషి.

ఇక మర పక్షాన మాట్లాడేముందు, దాని ఖరీదు కూడా చెప్పాలి. మర వేసినవాడికి పని పూర్తికాదు. రివెట్ కొట్టినవాడు చేతులు కడుక్కుని ఇంటికి పోవచ్చు.

ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం పోయే రైలు మార్గంలో పొద్దున్నే ప్రయాణం చేసేవాళ్ళు కీమాన్‌ను చూసే ఉంటారు. భుజాన సుత్తి, స్పానర్, సంచిలో ఎర్రజెండా. తనకు అప్పగించిన పట్టాల మీద రోజూ నడుస్తాడు. పట్టాను బిగించి ఉంచే కీ జారి ఉంటే కొట్టి లోపలికి దించుతాడు, వదులైన బోల్టు ఉంటే బిగిస్తాడు. అతను నడిచిన రోజున ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే అతని పని. దానికి ఎవరూ దండ వేయరు. అతను నడవని రోజున ఏదన్నా జరిగితే మాత్రం మొదట అతన్నే పిలుస్తారు.

పెనుకొండలో ఒక పెద్దాయన దగ్గర కొన్నాళ్ళు గీతాభాష్యం విన్నాను. సంస్కృతం బాగా చదువుకున్న మనిషి. నిత్యకర్మ గురించి ఆయన చెప్పినప్పుడు నాకు కీమానే గుర్తొచ్చాడు. సంధ్యావందనం లాంటి నిత్యకర్మలు చేసినందుకు ప్రత్యేకంగా ఫలం ఏమీ రాదు, మానితే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం వస్తుందని మీమాంసకుల పక్షం. శంకరులు దీన్ని ఒప్పుకోలేదు. చేయకపోవడం అనేది ఒక లేమి. లేమి నుంచి ఉనికి ఉన్న పాపం ఎట్లా పుడుతుంది? ఏమీ లేనిదాన్నుంచి ఏదీ పుట్టదు గదా అన్నది ఆయన వాదం.

నేను వర్క్‌షాపులో నిలబడి ఈ వాదాన్ని చాలాసార్లు తిరగేసుకున్నాను. బోల్టు ఊడిపోయింది. కారణం ఏమిటి? బిగించకపోవడమా? నిజానికి ఊడదీసింది అదురు. బిగించకపోవడం దేన్నీ తిప్పలేదు. శంకరులు చెప్పింది ఇనుము విషయంలో అక్షరాలా నిజం. అదురు అంతకుముందునుంచే అక్కడ ఉంది. రోజూ బిగించే చెయ్యి దాన్ని అడ్డుకుంటూ వచ్చింది, అంతే. కానీ ఆ అదురు ఉందని తెలిసి కూడా స్పానర్ పట్టుకోనివాడి మాటేమిటి? అక్కడ మీమాంసకుడి పక్షాన నా మనసు మొగ్గుతుంది. ఇనుముకు లేమి కారణం కాకపోవచ్చు. తెలిసిన మనిషికి మాత్రం అతని లేమి అతని మీదికే వస్తుంది. ఇంత పెద్ద పండితుల తగువును నేను తీర్చలేను, కానీ నా చేతికి తగినంత మేరకు నాకు తేలింది: మర వేయడమంటే రేపు మళ్ళీ వస్తానని ఒప్పుకోవడం.

అందుకే స్క్రూ వేసే మనిషికి కట్టుబడే గుణం తక్కువని అనేవాళ్ళతో నేను ఏకీభవించను. రివెట్ ఒకసారి చేసే ప్రతిజ్ఞ, మర రోజూ చేసే ప్రతిజ్ఞ. రెండోదే కష్టం.

పెనుకొండలో బాబయ్య స్వామి దర్గా ఉంది. హిందువులు, ముస్లింలు ఇద్దరూ పోతారు. బాబయ్య స్వామి అని పిలుచుకునే బాబా ఫక్రుద్దీన్ గురించి అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. తిరుచ్చిలోని గురువు ఆయన చేతికి ఒక పుల్ల ఇచ్చి, రాత్రి ఎక్కడ పడుకుంటే అక్కడ దాన్ని నాటు, ఏ చోట చిగురిస్తే అక్కడ ఉండిపో అన్నాడట. ఊరూరా నాటుతూ, పొద్దున్నే పీకుతూ నడిచాడు. పెనుకొండలో చిగురించింది. ఉండిపోయాడు. స్థిరపడటం అంటే ఆయనకు మొదటి రాత్రే దిగగొట్టుకోవడం కాదు. ప్రతి పొద్దున విప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నవాడే చివరికి కదలకుండా నిలిచాడు.

ఇట్లాంటి దర్గాల ఉరుసులకూ, జాతరలకూ బెలూన్లు కాల్చే షాపులు వస్తాయి. వాళ్ళ ఎయిర్‌గన్లు బాగుచేయడానికి నా దగ్గరకు తెస్తుంటారు. గొట్టం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ళు దాటని ఎయిర్‌గన్‌కు 2016 నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. లోపల పెద్ద స్ప్రింగు, దాని ముందు పిస్టన్. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు ముందుకు దూకి గాలిని నొక్కుతుంది. ఆ దూకుడుకు తుపాకీ మొదట వెనక్కి, వెంటనే ముందుకు కుదుపు తింటుంది. రెండువైపులా కుదుపు కాబట్టి కర్రకు బిగించిన స్క్రూలు ఊరికే వదులవుతాయి. షాపువాళ్ళు విసిగిపోయి "అన్నా, అన్నీ రివెట్ కొట్టేయ్, మళ్ళీ నీ కాడికి రాకుండా" అంటారు.

అన్నీ కొట్టను. స్ప్రింగును వెనకనుంచి అదిమిపెట్టే మూత దగ్గర విప్పడానికి వీల్లేకుండా చేస్తాను. అది ఏ కుర్రవాడో సరదాకు ఊడదీస్తే లోపల అణిగి ఉన్న స్ప్రింగు మొహం మీదికి దూకుతుంది. కర్రకు, పట్టీకి మాత్రం స్క్రూలే. వదులైనప్పుడు చేతికి తెలుస్తుంది, గురి తప్పుతుంది, ఎవరో ఒకరు చూసి బిగిస్తారు. ఎక్కడ ఎదుటివాడి ప్రాణం నా బిగింపు మీద ఆనుకుని ఉందో అక్కడ రివెట్. ఎక్కడ మనిషి కన్ను, చెయ్యి మాటిమాటికి పడాలో అక్కడ మర. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. మా పల్లెల పిల్లలు అక్కడ పనిచేస్తున్నారు. అంత పెద్ద ఫ్యాక్టరీలోనూ ఇదే పద్ధతి. కారు ఒళ్ళంతా వెల్డింగు, చక్రాలకు నట్లు.

ధర్మవరంలో ఈ సంగతి నాకు ఇంకా తేటగా అర్థమైంది. అక్కడి పట్టు మగ్గాల జకార్డు పెట్టెల రిపేరుకు పోతుంటాను. 240 కొక్కాల పెట్టె మగ్గం పైన కూర్చుని ఉంటుంది. చీర అంచులో హంస రావాలా, మామిడి పిందె రావాలా అన్నది రంధ్రాలు కొట్టిన అట్టలు చెబుతాయి. ఆ అట్టల్ని ఒకదానికొకటి దారంతో కుట్టి దండలా వేలాడదీస్తారు. డిజైన్ మారితే దండ విప్పి వేరే దండ వేస్తారు. మగ్గంలో దాదాపు ప్రతిదీ కట్టిందే. తాళ్ళు, దారాలు, కుచ్చులు, గుంటలో ఉన్న తొక్కుడు కర్రలు. దేనికీ శాశ్వతమైన బిగింపు లేదు. కానీ నేతగాడు పేక వేసి పలక లాగి కొట్టాడంటే, ఆ పోగు ఇక బట్ట. తప్పు పోగు పడితే అక్కడికక్కడే విప్పాలి. నాలుగు వేళ్ళ మేర నేత ముందుకు పోయిందంటే ఆ తప్పు చీరతో పాటు పెళ్ళికి పోతుంది.

పనిముట్టు విప్పదగినది, చేసిన పని విప్పరానిది. నేను చెప్పాలనుకున్నది ఇదే.

కర్మ రివెట్ లాంటిది. కొట్టిన దెబ్బ, అన్న మాట, వదిలిన గుండు వెనక్కి రావు. వెనక్కి రానిది ఒకటి ఉంది కాబట్టే, దాన్ని చేసే సాధనమైనా, చేసే మనిషి పట్టుదలైనా విప్పడానికి వీలుగా ఉండాలి. రెండూ రివెట్లే అయితే మనిషికి ఆగే చోటు ఉండదు.

ఈ మాట భారతం నాకంటే ఎంతో ముందు చెప్పింది. తిక్కన తెలుగు చేసిన సౌప్తికపర్వంలో ఉంది. రాత్రి నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపిన అశ్వత్థామను పాండవులు తరుముకుంటూ పోయారు. అతను భయంతో ఒక గడ్డిపరకను మంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రం వదిలాడు. కృష్ణుడు చెప్పగా అర్జునుడు కూడా వదిలాడు. రెండు అగ్నుల మధ్య వ్యాసుడు, నారదుడు వచ్చి నిలబడి, ఇద్దర్నీ వెనక్కి తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకు చేతకాలేదు. వదలడం వచ్చు, మళ్ళించడం రాదు. ద్రోణుడు కొడుకుకు ఆ అస్త్రం ఇష్టం లేకుండానే చెప్పాడని, కొడుకు స్వభావం తెలిసి, కష్టంలో ఉన్నా మనుషుల మీద వేయవద్దని మరీ మరీ చెప్పాడని కథ. మళ్ళించలేని ఆ అస్త్రం చివరికి పాండవ స్త్రీల గర్భాల మీదికి పోయింది. ఉత్తర కడుపులోని పిల్లవాణ్ణి కృష్ణుడు బతికించాల్సి వచ్చింది. పరీక్షిత్తు అతనే.

ఇద్దరూ ఒకే గురువు దగ్గర ఒకే అస్త్రం నేర్చుకున్నారు. వ్రతనిష్ఠ ఉన్నవాడికే ఉపసంహారం సాధ్యమని కథ చెబుతుంది. వెనక్కి తీసుకోగలగడం మెత్తదనం వల్ల వచ్చింది కాదు, కఠినమైన అభ్యాసం వల్ల వచ్చింది. ఆయుధం ఎవడికి ఉండొచ్చు అనే ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు ఏ చట్టంలోనూ కనబడలేదు.

ఇక మేనల్లుడి చేతిలో ఉన్న ఆ తుపాకీ కథ. మిఖాయిల్ కలాష్నికోవ్ దాన్ని రెండో ప్రపంచయుద్ధం తరవాత రూపొందించాడు. మొదట రేకును అచ్చులో వంచి చేశారు. అందులో చిక్కులు రావడంతో కొన్నేళ్ళు ఇనుప దిమ్మెను తొలిచి చేశారు. 1959లో వచ్చిన ఏకేఎం రకంతో మళ్ళీ రేకుకు, రివెట్లకు వచ్చేశారు. తేలిక, చవక, లెక్కలేనన్ని చేయొచ్చు. రివెట్ ఆ తుపాకీని ప్రపంచమంతా పాకించడంలో తన వంతు పనిచేసింది. ఎన్ని దేశాల్లో ఎంతమంది చేతుల్లోకి పోయిందో ఆ మనిషి బతికుండగానే చూశాడు. తొంభై దాటిన వయసులో, 2012లో, రష్యా ఆర్థడాక్స్ చర్చి పెద్ద పాట్రియార్క్ కిరిల్‌కు ఉత్తరం రాశాడు. తన తుపాకీ జనం ప్రాణాలు తీసింది కాబట్టి, విశ్వాసం ఉన్న క్రైస్తవుడిగా ఆ చావుల దోషం తనకు అంటుతుందా అని అడిగాడు. 2013 డిసెంబరులో చనిపోయాడు. ఆ ఉత్తరం 2014 జనవరిలో పత్రికలో వచ్చింది. దేశాన్ని కాపాడటానికి పనికొచ్చే ఆయుధం చేసినవాళ్ళ వైపు చర్చి నిలబడుతుందని చర్చి ప్రతినిధి చెప్పాడు.

ఆ సమాధానం ముసలాయనకు చాలిందో లేదో నేను చెప్పలేను. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం మా పెనుకొండకు కొత్త కాదు. ఇక్కడ పార్శ్వనాథ స్వామి బసది ఉంది, ఆకుపచ్చ రాతి విగ్రహం. జైనులు గృహస్థులకు చెప్పిన నియమాల్లో, అక్కరలేని హింసను మానమనే వ్రతం ఒకటి. అందులో హింసాదానం అని ఒక దోషం చెబుతారు. కత్తి, విషం, నిప్పు లాంటి హింసకు పనికొచ్చే వస్తువును ఇంకొకడి చేతికి అందించడం. తాను కొట్టకపోయినా అందించినవాడికి అది అంటుతుంది. బుద్ధుడు ఉపాసకుడు చేయకూడని అయిదు వ్యాపారాల్లో ఆయుధాల వ్యాపారాన్ని చేర్చాడు. మరోవైపు మన మహర్నవమికి ఆయుధానికే పూజ. విజయనగర రాజులకు అది పెద్ద పండుగ. 1565 తరవాత వాళ్ళ రాజధాని ఈ పెనుకొండకే వచ్చింది.

ఈ రెండింటి మధ్య నేను ఎటు నిలబడతానని అడిగితే, దాచుకోకుండా చెబుతాను. దేశం కోసం చేసిన తుపాకీని నేను పాపమనను. కానీ కలాష్నికోవ్ బాధ నిజమైన బాధ. దేశం కోసం చేశాను అన్నంత మాత్రాన అది ఊడిపోదు. తాను చేసినదాన్ని వెనక్కి తీసుకునే మార్గం ఆయనకు లేదు. దిమ్మెకు రేకు బిగిసినట్టు ఆయన పేరు ఆ తుపాకీకి బిగిసిపోయింది.

మేనల్లుడికి తరవాత ఫోన్‌లో నేను ఇట్లా చెప్పాను. "నాయనా, పనివాడిగా అడిగితే రివెట్టే సరైంది. అదిరే వస్తువులో వదులు మర పెట్టుకుంటే ముందు నీకే ముప్పు. నీ మొహం పక్కనే పేలేదాంట్లో అరకొర పని చేయొద్దు. మామగా అడిగితే వేరే మాట చెప్తా. రివెట్ కొట్టేముందు ఒక రాత్రి ఆగు. కొట్టినాక అది తుపాకీ. అంతవరకూ విడిభాగాలే. ఇంట్లో పిల్లోడు తిరుగుతాండాడు. ఇది ఉండల్లనా వద్దా అనేది నువ్వు విప్పగలిగేది ఇప్పుడే." వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత "మామా, తాళం పెట్టే ఇనుప బీరువా కొన్యాను" అన్నాడు. మంచిదే. తాళం కూడా ఒక మరే. కానీ నేను అడిగిన దానికి అది జవాబు కాదు. దానికి జవాబు వాడు వాడికే చెప్పుకోవాలి.

మా నాన్న పట్టకారు ఇంకా నా దగ్గర ఉంది. రెండు చేతుల మధ్య ఒకే ఒక్క రివెట్. ఏళ్ళ తరబడి కొలిమిలో కాగినా ఊడలేదు. అయినా రెండు చేతులూ స్వేచ్ఛగా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. కొంచెం ఎక్కువ కొట్టి ఉంటే అది కదలని ఇనుప ముద్ద అయ్యేది, తక్కువ కొట్టి ఉంటే దవడలు ఒకదానికొకటి కుదిరేవి కావు. రివెట్‌కు కూడా మంచి తీరు ఇదే. ధర్మం మీద ఒక చోట కదలకుండా నిలబడి, మిగతా అంతా తెరవడానికీ మూయడానికీ వీలుగా ఉండటం. భీష్ముడి ప్రతిజ్ఞలో లోపం ఏమన్నా ఉంటే, రివెట్ ఉండటం కాదు, చేతులు కూడా దానితో బిగుసుకుపోవడం.

హిందూపురం పారిశ్రామికవాడలో మహర్నవమి పొద్దున లేత్‌లు కడిగి, అరటి పిలకలు కట్టి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, సుత్తికీ స్పానర్‌కూ కుంకుమ పెడతాం. నాతోటి పనివాళ్ళకు ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఏడు బొట్టు పెట్టేముందు ఆ స్పానర్‌తో షాపులో ఉన్న ప్రతి యంత్రం బోల్టులూ ఒకసారి బిగించి చూడండి. గార్డులు, బెల్టు మూతలు, నిచ్చెన మెట్లు, అన్నీ. వదులుగా ఉన్నవి సరిచేశాకే కొబ్బరికాయ కొట్టండి.